ఝూలాలన్నీ ఒకటి కావు

సూరత్‌లోని ఉధ్నాలో మగ్గం పని అడగడానికి వచ్చినవాడు ముందు సాంచా, అంటే మరమగ్గం, ఏదో తెలుసుకుంటాడు. నాడె మగ్గమా, రేపియరా, వాటర్ జెట్టా, ఎయిర్ జెట్టా అన్నది తేలకుండా కూలి మాట రాదు. నాడె మగ్గంలో చెక్క నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ పేక పోగును లాక్కెళుతుంది. చెవులు దిబ్బెళ్లు వేస్తాయి, గతి తప్పితే నాడె ఎగిరి పక్కవాడికి తగులుతుంది. వాటర్ జెట్‌లో అదే పోగును నీటిధార మోసుకుపోతుంది. అక్కడ రోజంతా తడిలో నిలబడాలి, కరెంటు తీగ ఎటు పోతోందో కనిపెట్టుకుని ఉండాలి. రెండూ నేసేది బట్టే. అయినా మగ్గం అంటే మగ్గమేనని ఉధ్నాలో ఎవరైనా అంటే వాడికి పని తెలియదని అర్థం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట వచ్చి ఉధ్నా, లింబాయత్ వాడల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లో ఈ తేడాలు పిల్లలకు కూడా తెలుసు.

అదే కుటుంబం సెలవు రోజున మేళాకు పోతే అక్కడ తిరిగేది, ఊగేది, పైనుంచి పడేది, పట్టాల మీద పరుగెత్తేది అన్నీ కలిపి ఒక్క ‘ఝూలా’ అయిపోతాయి. ఎక్కినామా, అరిచినామా, దిగినామా. అంతకు మించి అడగాల్సింది ఏముందన్నది అక్కడి మాట.

ఈ అభిప్రాయం మేళాకు వచ్చే జనానిది మాత్రమే కాదు. పత్రికల డెస్కుల్లో కూర్చున్నవారిదీ, అనుమతి కాగితాల మీద సంతకాలు పెట్టేవారిదీ ఇంచుమించు ఇదే. విదేశాల్లో రోలర్ కోస్టర్ ప్రేమికులు సంఘాలు పెట్టుకుని, ఏది చెక్క కోస్టర్, ఏది ఉక్కుది, ఏది అసలు కోస్టరే కాదు అని గంటల తరబడి వాదించుకుంటారని చెబితే చదువుకున్నవారు కూడా నవ్వేస్తారు. కడుపు నిండినవారి కాలక్షేపమనీ, పేర్లు పెట్టుకుని మురిసిపోవడమనీ, ఆ గొడవ మనకెందుకనీ అంటారు. ఈ మాట తప్పు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. ఆ ప్రేమికుల వర్గీకరణలో తాలు లేకపోలేదు, దాన్ని చెరిగి పారేయవచ్చు. కానీ దాని గింజ ఉధ్నా మేళాకు అమెరికా పార్కుకు కంటే ఎక్కువ అవసరం.

వాళ్లు అసలు చేసేదేమిటో ముందు చూడాలి. అమెరికన్ కోస్టర్ ఎంథూజియాస్ట్స్ అనే సంఘం 1978లో పుట్టింది. బ్రిటన్ వారి క్లబ్బు 1988లో వచ్చింది. 1996లో డ్వేన్ మార్డెన్ అనే ఆయన రోలర్ కోస్టర్ డేటాబేస్ మొదలుపెట్టి, ప్రపంచంలోని కోస్టర్లను ఒక్కొక్కటిగా నమోదు చేస్తూ వచ్చాడు. వీళ్ల మొదటి ప్రశ్న పట్టా దేనితో చేశారన్నది. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో 1927 నుంచి నడుస్తున్న సైక్లోన్‌ను చూస్తే కింద నిలబెట్టిన చట్రమంతా ఇనుమే. అయినా వీళ్ల లెక్కలో అది చెక్క కోస్టర్. ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్ పార్కులో 1978లో తెరిచిన జెమినీ దూరం నుంచి చూస్తే కట్టెల అడవిలా ఉంటుంది. కానీ వీళ్లు దాన్ని ఉక్కు కోస్టర్ అంటారు. తెలియనివారికి ఇది మొండివాదంలా వినిపిస్తుంది. చక్రం దొర్లేది దేని మీద అన్నదే ఇక్కడ ప్రశ్న. సైక్లోన్ పట్టా చెక్క పొరలను ఒకదానిపై ఒకటి బిగించి, పైన పలుచటి ఇనుప బద్ద పరిచి చేసినది. అది వానకూ ఎండకూ ఉబ్బుతుంది, కుంగుతుంది, మేకులు వదులవుతాయి. వడ్రంగులు పట్టా వెంట నడిచి చూస్తుండాలి, అరిగిన ముక్కను తీసి కొత్తది వేస్తుండాలి. జెమినీ పట్టా ఉక్కు గొట్టం. అక్కడ వెతకాల్సింది వెల్డింగు దగ్గర సన్నటి పగులు. ఒకదానికి వడ్రంగి కన్ను కావాలి, ఇంకొకదానికి వెల్డర్ కన్ను. పైకి కనిపించే రూపాన్ని బట్టి పేరు పెడితే తప్పుడు మనిషిని తనిఖీకి పంపినట్టే.

రెండో ప్రశ్న బండిని నడిపేది ఏమిటన్నది. ఇది మేళాలోనే చూడవచ్చు. డ్రాగన్ ట్రైన్ దగ్గర ఒక్క అయిదు నిమిషాలు నిలబడితే చాలు. పిల్లలు కూర్చున్న పెట్టెలు గుడ్డు ఆకారపు పట్టా మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గుర్రుమనే చప్పుడు వస్తుంది. దిగేటప్పుడూ అదే చప్పుడు ఆగకుండా వస్తుంది. రెండు పట్టాల మధ్య ఇంకొక సన్నని పట్టీ ఉంటుంది, దానిలో కరెంటు. బండి కింద ఉన్న మోటారు ఆ కరెంటును తాకుతూ తీసుకుంటుంది. అందుకే ఆ రైలు ఒక్క చుట్టుతో ఆగదు, డబ్బు తీసుకున్నవాడి ఇష్టాన్ని బట్టి మూడు, నాలుగు చుట్లు తిరుగుతుంది. ఆపాలంటే కరెంటు తీయాలి. కోస్టర్ ప్రేమికుల్లో చాలామంది దీన్ని తమ లెక్కలో కలపరు, లేదా వేరే వరుసలో రాసుకుంటారు. అసలు కోస్టర్ అంటే ఒకసారి పైకి లాగి వదిలాక తన బరువుతో తానే దొర్లిపోయేది. గొలుసు బండిని పైకి లాగుతున్నంతసేపూ టకటకమని వినిపించే చప్పుడు ఊరికే వచ్చేది కాదు. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కెం ఒక్కొక్క పంటిమీద పడుతున్న చప్పుడది. గొలుసు దాటాక ఇక మోటారు లేదు. బండికి సొంత బ్రేకు కూడా చాలాచోట్ల ఉండదు. బ్రేకులు పట్టాకే బిగించి ఉంటాయి.

ఈ తేడా తెలిస్తే ప్రశ్నలు మారిపోతాయి. డ్రాగన్ ట్రైన్‌లో కరెంటు తీగలు, మోటారు, స్విచ్చు దగ్గర కూర్చున్న మనిషి ముఖ్యం. దొర్లే కోస్టర్‌లో కరెంటు పోయినా బ్రేకు పడుతుందా అన్నది ముఖ్యం. మంచి కోస్టర్లలో గాలి పీడనం పోతే స్ప్రింగు దానంతటదే బ్రేకును మూసేలా కడతారు, లేదా కరెంటు అక్కర్లేని అయస్కాంతాలు పెడతారు. రెండు బండ్లు ఒకే పట్టా మీద నడిచేచోట ముందున్నది వెళ్లిపోయేదాకా వెనుకదాన్ని ఆపి ఉంచే బ్లాకు పద్ధతి ఉంటుంది. ఉధ్నా జంక్షన్‌లో జల్గావ్ వైపూ ముంబై వైపూ బండ్లను విడదీసి నడిపే రైల్వేవారి పద్ధతి నుంచే అది కోస్టర్లకు వచ్చింది. 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ కోస్టర్ మీద మనుషులున్న బండి ఆగి ఉన్న ఖాళీ బండిని గుద్దింది. ఆ బ్లాకు ఆపి ఉంచినదాన్ని చేత్తో తప్పించి నడపడమే దానికి కారణం. ఇద్దరు యువతులు కాళ్లు కోల్పోయారు. మరుసటి ఏడాది ఆ సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. ‘ఝూలా ఢీకొంది’ అని రాస్తే ఈ సంగతిలో ఒక్కటీ పాఠకుడికి అందదు.

వర్గీకరణ కాలక్షేపమనేవారు కాన్సస్‌లో జరిగింది తప్పక తెలుసుకోవాలి.

అమెరికాలోని కాన్సస్ సిటీలో ష్లిట్టర్‌బాన్ అనే వాటర్ పార్కు 2014లో ‘వెరూక్ట్’ అనే నీటి జారుడును తెరిచింది. ఎత్తు 168 అడుగులకు పైనే. ప్రపంచంలో ఎత్తైన నీటి జారుడుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ముగ్గురు కూర్చునే తెప్ప నిటారుగా కిందికి జారి, వెంటనే రెండో గుట్ట ఎక్కి, మళ్లీ దిగుతుంది. అందరూ దాన్ని నీటి జారుడు అన్నారు. కానీ అది చేస్తున్న పని కోస్టర్ పని. వేగంగా దిగిన బండి గుట్ట కొసన గాల్లోకి లేవాలని చూస్తుంది. కోస్టర్ కట్టేవారికి ఈ సంగతి నూరేళ్ల కిందటే తెలుసు. అమెరికాలో జాన్ మిల్లర్ అనే కోస్టర్ నిర్మాత 1919లోనే పట్టా అడుగు భాగాన్ని కూడా పట్టుకుని దొర్లే మూడో జత చక్రాలకు పేటెంటు తీసుకున్నాడు. పైన బరువు మోసే చక్రం, పక్కన దారి తప్పనివ్వని చక్రం, కింద ఎగరనివ్వని చక్రం. ఆ మూడో చక్రం వల్లనే కోస్టర్ గుట్ట కొసన మనిషి సీటులోంచి లేచినా బండి పట్టా మీదనే ఉంటుంది. వెరూక్ట్ తెప్పకు ఆ మూడో చక్రం లేదు. మనుషులను పట్టి ఉంచడానికి అంటుకునే నైలాన్ పట్టీలు పెట్టారు. 2016 ఆగస్టు 7న తెప్ప రెండో గుట్ట మీద గాల్లోకి లేచింది. పైన కట్టిన ఇనుప చట్రానికి తగిలి పదేళ్ల బాలుడు చనిపోయాడు. అప్పటికి ఆ రాష్ట్ర చట్టం పార్కులు తమ రైడ్‌లను తామే తనిఖీ చేసుకోవడానికి వీలిచ్చేది. మరుసటి ఏడాది దాన్ని బిగించారు. 2018లో ఆ జారుడును కూల్చేశారు.

అక్కడ పేరు ఒక జాతిది, యంత్రం ఇంకొక జాతిది. ‘ఇది ఏ రకం?’ అని కోస్టర్ ప్రేమికుడు అడిగే పిచ్చి ప్రశ్ననే కట్టడానికి ముందు ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే, తెప్పను పట్టాకు కట్టి ఉంచేది ఏమిటన్న ప్రశ్న వెంటనే వచ్చేది. ఉధ్నాకు దగ్గరలోనే పర్వత్ పాటియాలో వాటర్ పార్కు ఉంది, ఎండాకాలమంతా జనం కిటకిటలాడతారు. మామూలు నీటి జారుడులో మనిషిని పట్టి ఉంచేది అతని పడకే. చేతులు గుండె మీద కట్టుకుని, కాళ్లు దగ్గరగా పెట్టుకుని పడుకోమని పైన నిలబడ్డ కుర్రాడు చెప్పేది మర్యాద కోసం కాదు. అక్కడ బెల్టుకు బదులు ఉన్నది ఆ పడక ఒక్కటే.

ఇక ఇంటి వైపు చూద్దాం. 2018 మేలో అనంతపురంలో ఎగ్జిబిషన్‌లోని జెయింట్ వీల్ ట్రాలీ ఊడి పడి పదేళ్ల పాప చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియాలో డిస్కవరీ అనే రైడ్ షాఫ్టు విరిగి, సీట్లతో సహా నేల మీద పడింది. ఇద్దరు చనిపోయారు, పాతికమందికి పైగా గాయపడ్డారు. 2022 సెప్టెంబరులో మొహాలీ మేళాలో దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి డ్రాప్ టవర్ ఆగకుండా కింద పడింది. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ గాల్లో ఆగిపోయి, జనం దాదాపు 25 నిమిషాలు తలకిందులుగా వేలాడారు. బ్యాటరీ సమస్య అని నిర్వాహకులు చెప్పారు. పత్రికల్లోనూ టీవీల్లోనూ ఈ నాలుగూ ఒకే రకం వార్త. ఝూలా విరిగింది, ఝూలా పడింది, ఝూలా ఆగింది.

నిజానికి ఈ నాలుగింటికీ పొంతన లేదు. అనంతపురంలోది పెట్టెను చక్రానికి వేలాడదీసే బోల్టు దగ్గరి సంగతి. జెయింట్ వీల్ నెమ్మదిగా తిరుగుతుంది, దాని ప్రమాదం వేగంలో ఉండదు. మేళా మేళాకూ విప్పి బిగించే వందల బోల్టుల్లో ఉంటుంది. కాంకరియాది లోలకం. అలాంటి రైడ్‌లో ఒక పొడవాటి చేయి కొసన మనుషుల బరువంతా ఊగుతూ తిరుగుతుంది. ప్రతి ఊపుకూ ఆ చేయి ఒకసారి ఇటు వంగుతుంది, ఒకసారి అటు వంగుతుంది. కంటికి కనబడని పగులు నెలల తరబడి పెరుగుతుంది. అక్కడ బోల్టు బిగిస్తే చాలదు, లోహం లోపల పగులు వెతికే పరీక్ష కావాలి. మొహాలీది పడటాన్ని ఆపే బ్రేకూ తాడూ ఉన్న యంత్రం. నుమాయిష్‌ది మనుషులను తలకిందులు చేసేది. ఆగిపోయిన యంత్రాన్ని కరెంటు లేకుండా కిందికి తెచ్చే దారి ఉందా అన్నదీ, తలకిందులుగా ఉన్న మనిషిని పట్టి ఉంచిన బార్ ఎంతసేపు ఓర్చుకుంటుందన్నదీ అక్కడి ప్రశ్నలు. నాలుగు తరగతులు, నాలుగు రకాల తనిఖీ. ఒకే పేరు కింద వేస్తే ఒకదాని నుంచి నేర్చుకున్నది రెండోదానికి పనికి రాదు, నేర్చుకున్నామన్న భ్రమ మాత్రం మిగులుతుంది. కాంకరియా తరువాత జెయింట్ వీల్ బోల్టులు మరింత గట్టిగా బిగించినవాడు మంచివాడే కావచ్చు, కానీ అతను తప్పు పాఠం చదివాడు.

ఇప్పుడు తాలు సంగతి. కోస్టర్ ప్రేమికుల నోట ఎక్కువగా వినిపించేవి హైపర్, గిగా, స్ట్రాటా వంటి మాటలు. సీడార్ పాయింట్ 1989లో 205 అడుగుల మాగ్నమ్‌ను తెరిచి 200 దాటినదానికి హైపర్ అని పేరు పెట్టింది. 2000లో 310 అడుగుల మిలీనియం ఫోర్స్‌తో గిగా వచ్చింది. 2003లో 420 అడుగుల టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌తో స్ట్రాటా వచ్చింది. ఇప్పుడు 600 అడుగులు దాటినదానికి ఎక్సా అంటున్నారు. సూరత్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఫోన్లలో వీడియోలు చూసే కుర్రాళ్లు నేర్చుకునేది కూడా ముందు ఈ మాటలే. ఇవి పార్కుల ప్రకటన విభాగాల్లో పుట్టిన మాటలు. 199 అడుగులకూ 201 అడుగులకూ మధ్య యంత్రంలో మారేది ఏమీ లేదు. మీటర్లలో కొలిస్తే ఆ గీతలు 61 దగ్గరా, 91 దగ్గరా పడతాయి, అక్కడ గీత గీయడానికి ఎవరికీ కారణం కనిపించదు.

ఎత్తు కొలబద్ద ఎంత గుడ్డిదో సన్ ఆఫ్ బీస్ట్ చూపింది. ఒహాయోలోని కింగ్స్ ఐలాండ్‌లో 2000లో తెరిచిన ఈ చెక్క కోస్టర్ 218 అడుగుల ఎత్తు. చెక్కతో 200 దాటిన మొదటిది, పైగా దానికి ఒక ఉక్కు చుట్టు కూడా పెట్టారు. ఎత్తును బట్టి చూస్తే ఘనత అంతా దానిదే. చెక్క చట్రం అంత బరువునూ వేగాన్నీ ఓర్చుకోగలదా అన్న ప్రశ్న హైపర్ అనే మాటలో లేదు. 2006లో చట్రంలో ఒక భాగం దెబ్బతిని రెండు డజన్లమందికి పైగా గాయపడ్డారు. చుట్టును తీసేశారు. 2009లో ఆపేశారు, తరువాత కూల్చేశారు. మరోవైపు సూరత్ కుటుంబాలు ముంబై దాటి చూడబోయే ఖోపోలీ ఇమాజికా పార్కులోని నైట్రో 132 అడుగులే, ఎత్తు నిచ్చెనలో దానికి మెట్టే లేదు. కానీ స్విట్జర్లండ్‌కు చెందిన బొలిగర్ అండ్ మాబియార్ కట్టిన ఆ కోస్టర్‌కు కాళ్ల కింద నేల లేదు, అయిదుసార్లు మనిషిని తలకిందులు చేస్తుంది. దాని సీటు బార్ ఎలా పట్టుకుంటుందన్నది ఎత్తు కంటే వెయ్యి రెట్లు ముఖ్యమైన సంగతి.

కోస్టర్లను ఎక్కిన లెక్క పెంచుకుంటూ, మేళాలో విప్పి బిగించేవాటిని చిన్నచూపు చూసే అలవాటు కూడా ఆ ప్రేమికుల్లో కొందరికి ఉంది. అది వారి అజ్ఞానం. జర్మనీలో 1989 నుంచి మ్యూనిక్ ఆక్టోబర్‌ఫెస్ట్‌కు వచ్చే ఒలింపియా లూపింగ్‌కు అయిదు నిలువు చుట్లు ఉన్నాయి. ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగల్ రూపొందించిన ఆ కోస్టర్ లారీల మీద ఊరూరూ తిరుగుతుంది, ఎక్కడికక్కడ బిగిస్తారు, విప్పుతారు. అక్కడ తిరిగే ప్రతి పెద్ద రైడ్‌కూ ఒక పుస్తకం ఉంటుంది. దాని లెక్కలు, నక్షాలు, ఎప్పుడు ఎవరు పరీక్షించారు, ఏ భాగం మార్చారు అన్నీ దానిలో రాసి ఉంటాయి. ఆ పుస్తకం లేకుండా ఏ ఊళ్లోనూ దాన్ని నిలబెట్టనివ్వరు. విప్పి బిగించేది కావడం తక్కువతనం కాదు, అది ఒక తరగతి. దానికి తగిన తనిఖీ వేరు. పక్కా పార్కులోని కోస్టర్ ఏళ్ల తరబడి ఒకే పునాది మీద ఉంటుంది. మేళా రైడ్‌కు నేల ప్రతిసారీ కొత్తది, పిన్నులు కొత్తగా దూర్చాలి, బోల్టులు కొత్తగా బిగించాలి. సూరత్ మగ్గాల కూలీ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్కేది ఈ రెండో రకాన్నే. అందుకే వర్గీకరణ డబ్బున్నవారి ముచ్చట అన్న మాట తలకిందులైన మాట. డబ్బున్నవారు ఎక్కే కోస్టర్ వెనుక తయారీదారుడి మాన్యువల్ ఉంటుంది, తెలియకపోయినా గడిచిపోతుంది. ఆ అండ లేని మేళాలో తెలియాల్సిన అవసరం ఎక్కువ.

పునాది మాట వచ్చింది కనుక రాజ్‌కోట్ సంగతి చెప్పాలి. 2024 మే 25న రాజ్‌కోట్ టీఆర్‌పీ గేమ్ జోన్ అగ్నిప్రమాదంలో 27 మంది చనిపోయారు. ఆ తరువాత గుజరాత్ ప్రభుత్వం రైడ్‌లకూ గేమ్ జోన్లకూ కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది. అది కావలసిందే. ఆ ఏడాదే జన్మాష్టమికి రాజ్‌కోట్ లోకమేళాలో రైడ్ యజమానులకూ అధికారులకూ ఆ నిబంధనలు అడిగిన కాంక్రీటు పునాది దగ్గర పెద్ద పేచీ వచ్చింది. అయిదు రోజుల మేళాకు కాంక్రీటు పోయించడం తమ వల్ల కాదని యజమానులు అన్నారు. ఈ పేచీలో న్యాయం ఎవరి వైపుందని అడిగితే, ఏ రైడ్‌కు అన్నది ముందు తేలాలి. కింద వెడల్పాటి చట్రం మీద నెమ్మదిగా తిరిగే పిల్లల రాట్నానికి పోటు దాదాపు నిలువుగా నేలకు దిగుతుంది, గట్టి చెక్క దిమ్మలూ సమమైన నేలా సరిపోతాయి. లోలకం అలా కాదు, అది ఊగిన ప్రతిసారీ నేలను అటూ ఇటూ తోస్తుంది. ఎత్తైన జెయింట్ వీల్‌కు గాలి పోటు ఉంటుంది. అన్నిటికీ ఒకే నిబంధన పెడితే రాట్నం నడిపే చిన్న యజమాని మునుగుతాడు. అన్నిటికీ సడలిస్తే లోలకం వాడు తప్పించుకుంటాడు. వర్గీకరణ లేని చట్టం చిన్నవాడికి కఠినం, ప్రమాదకరమైనదానికి మెతక. ప్రేక్షకుడి కోసమే కాదు, నిజాయితీగా బతికే రైడ్ యజమాని కోసం కూడా తరగతులు కావాలి.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 పేరిట రైడ్‌ల భద్రతకు ప్రమాణం ఎప్పుడో ప్రచురించింది. అమెరికాలో ఏఎస్‌టీఎం ప్రమాణం ఎఫ్2291 మనిషిని పట్టి ఉంచే ఏర్పాట్లను అయిదు తరగతులు చేసింది. యంత్రం మనిషిని ఎటు, ఎంత బలంగా విసురుతుందో లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి తరగతి నిర్ణయిస్తారు. మొదటి తరగతిలో బెల్టు కూడా అక్కర్లేదు. అయిదో తరగతిలో ఒక తాళం చెడినా ఇంకొకటి పట్టి ఉంచాలి, బార్ పడిందో లేదో యంత్రానికే తెలియాలి. 2022 మార్చిలో ఫ్లోరిడా ఓర్లాండోలో డ్రాప్ టవర్ నుంచి 14 ఏళ్ల బాలుడు జారి పడి చనిపోయాడు. అతను కూర్చున్న సీటు సెన్సర్‌ను చేత్తో సరిచేసి, బార్ మామూలు కంటే ఎక్కువ తెరుచుకుని ఉన్నా యంత్రం కదిలేలా చేశారని దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం చేసిన చట్టం ‘రైడ్‌లన్నీ జాగ్రత్తగా నడపండి’ అని సరిపెట్టలేదు. 100 అడుగులు దాటిన డ్రాప్ టవర్లకు భుజాల బార్‌తో పాటు సీటు బెల్టు కూడా ఉండాలన్నది. ఎత్తు ఇక్కడ పనికొచ్చింది, ఎందుకంటే దాని పక్కన రకం కూడా ఉంది.

చివరగా ఇంకొక వాదం ఉంది, మంచి మనసుతో చేసేదే. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి పిల్లలను తీసుకుని కాసేపు సంతోషపడటానికి వస్తే, వాడి చేతిలో ఇంజినీరింగ్ పాఠం పెడతారా? యంత్రం సంగతి చూడటానికి ఇంజినీర్లు లేరా? మామూలు జనానికి ఏం కనబడుతుంది?

కనబడుతుంది. 2023 జూన్ 30న అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే కోస్టర్ స్తంభం ఒకటి పైభాగాన పూర్తిగా పగిలి ఉందనీ, బండి వెళ్లినప్పుడల్లా రెండు ముక్కలూ విడిపోతున్నాయనీ కనిపెట్టింది ఇంజినీరు కాదు. బయట నుంచి చూస్తున్న ఒక సందర్శకుడు దాన్ని ఫోన్‌లో చిత్రీకరించి అధికారులకు చెప్పాడు. రైడ్ ఆపారు, స్తంభం మార్చాక ఆగస్టులో మళ్లీ నడిపారు. ఎవరికీ ఏమీ కాలేదు. అనంతపురంలో కూడా బోల్టు వదులైందని చూసినవారు ఆపరేటర్‌కు చెప్పారనీ, అతను వినలేదనీ అప్పటి వార్తలు రాశాయి. రెండు చోట్లా మామూలు మనిషి కన్నే చూసింది. అయితే ఒక బోల్టు వదులు కావడం ఈ రైడ్‌లో ప్రాణాంతకమనీ, దాన్ని చూసినవాడు టికెట్ కిటికీ దగ్గర కాకుండా పోలీసు దగ్గర అరవాలనీ అనంతపురంలో ఎవరూ ముందుగా చెప్పి ఉంచలేదు. మగ్గం పగ్గం తెలిసిన మనుషులకు ఇది బరువు కాదు. ఏ బీము అరిగింది, ఏ బేరింగు వేడెక్కింది అని చప్పుడును బట్టి చెప్పగలిగే జనం ఉధ్నాలో ఉన్నారు. తలుపు వేయకుండా రైడ్ కదిలితే వాళ్లకు అర్థం కాదా?

ఏ రైడ్‌లో ఏం చూసుకోవాలో రాసి బోర్డు పెడితే జనం భయపడి ఎక్కరన్నది యజమానుల మాట. ఈ ఎత్తు లేని పిల్లలు ఎక్కరాదని గీత గీసిన కొయ్య ఏళ్ల తరబడి మేళాల్లో ఉంది. దాన్ని చూసి మేళాకు రావడం మానేసినవారు లేరు. పిల్లను ఆ కొయ్య పక్కన నిలబెట్టి, వేలితో కొలిచి, ఒక అంగుళం తక్కువైతే బతిమాలుకునే తండ్రులే ఉన్నారు.

కావలసింది మూడు వరుసలు. ఈ రైడ్‌ను కదిలించేది ఏమిటి, మనిషిని పట్టి ఉంచేది ఏమిటి, ఆపేది ఏమిటి. వాటి కింద ఈ చోట ఎప్పుడు బిగించారు, ఎవరు చూశారు. అనుమతి దరఖాస్తులో ఇవి ఉంటే ఏ తనిఖీ మనిషిని పంపాలో అధికారికి తెలుస్తుంది. టికెట్ కిటికీ దగ్గర ఉంటే ఏం చూడాలో ఎక్కేవాడికి తెలుస్తుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగులో కూడా బళ్లు నడుపుతోంది. ఆ మూడు వరుసలను అన్ని భాషల్లోనూ రాయించగల మాస్టార్లు దాని జీతాల పట్టీలోనే ఉన్నారు.